విశాఖలో అమ్మానాన్నలు, దూరాన పిల్లలు: స్మార్ట్ పరికరాలతో ఇంటి దగ్గరే వైద్యం చూసుకోవడం ఎలా

సీతమ్మధారలోనో, ఎంవీపీ కాలనీలోనో, కూర్మన్నపాలెంలోనో పెద్దవాళ్లిద్దరే ఉంటారు. పిల్లలు హైదరాబాద్‌లో, బెంగళూరులో, డాలస్‌లో. సంక్రాంతికి వచ్చినప్పుడు ఒక స్మార్ట్ వాచీ కొనిచ్చి, హాల్లో ఒక అలెక్సా, ఒక కెమెరా పెట్టి వెళ్తారు. వేసవికల్లా వాచీ బీరువాలోకి పోతుంది, అలెక్సా ప్లగ్గులో మిక్సీ ఉంటుంది. "మావాళ్లకి ఇవి అలవాటు కావండీ" అనేస్తాం. కానీ ఫోన్‌లో సీరియల్ చూసే మామ్మకి, రోజూ వాట్సాప్‌లో శుభోదయం పంపే తాతగారికి బటన్లు కొత్తేమీ కాదు. ఆ పరికరం చూపించే అంకెతో ఎవరు ఏం చేయాలో ముందుగా ఎవరూ అనుకోలేదు, అదీ అసలు లోపం. బీపీ 190 అని డాలస్‌లో ఫోన్ మోగినా, సీతమ్మధారలో తలుపు తట్టే మనిషి లేకపోతే ఏం లాభం?

అందుకే ఇక్కడ వరస మార్చి చెబుతున్నాను. ముందు మనుషులు, తర్వాత డాక్టరు, తర్వాత కరెంటూ నెట్టూ, ఆ తర్వాతే పరికరాలు. ఇదే వరసలో చేయండి. ఒక్క ఆదివారంలో అయ్యే పని కాదు. సెలవు మీద వచ్చినప్పుడు మొదటి రోజుల్లోనే మొదలుపెడితే, మీరు ఊళ్లో ఉండగానే తేడాలు బయటపడతాయి, సరిచేసుకోవచ్చు.

1. తలుపు తీసే మనిషి ఎవరు?

అమెరికాలో కూర్చుని 108 నొక్కితే విశాఖలో అంబులెన్స్ కదలదు. హైదరాబాద్ నుంచి నొక్కినా ఆ కాల్ తెలంగాణ వాళ్లకే వెళ్తుంది. దూరంగా ఉండే పిల్లల్లో చాలామందికి ఈ సంగతి అవసరం పడిన రోజుదాకా తెలియదు. 108కి ఫోన్ చేయాల్సింది విశాఖలో ఉన్న మనిషే. కాబట్టి ముగ్గురిని ఎంచుకోండి: అదే అంతస్తులో ఉండే పక్కింటివాళ్లు ఒకరు, వాచ్‌మన్ ఒకరు, ఊళ్లోనే పావుగంటలో రాగలిగే బంధువో స్నేహితుడో ఒకరు. ముగ్గురితోనూ మీరే స్వయంగా మాట్లాడండి. "అవసరమైతే చూస్తుండండి అంకుల్" అని ఊరికే అనొద్దు. "రాత్రి నేను ఫోన్ చేస్తే మీరు వెళ్లి బెల్ కొట్టాలి, తీయకపోతే ఈ తాళంచెవితో తీయాలి, 108కి చేయాలి" అని విడమరిచి చెప్పి, ఒప్పుకున్నాకే పేరు రాసుకోండి. వాళ్లకీ ధైర్యంగా ఉంటుంది, తామేం చేయాలో తెలుసు కాబట్టి.

తాళంచెవి ఇచ్చినంత మాత్రాన సరిపోదు. మన ఇళ్లలో పెద్దవాళ్లు పడుకునే ముందు లోపల్నుంచి గడియ పెడతారు, పైన ఇంకో బోల్టు వేస్తారు. బయట ఎన్ని తాళంచెవులున్నా ఆ గడియ ముందు పనికిరావు. బయటి నుంచి కూడా తెరుచుకునే మంచి తాళం బిగించి, రాత్రిపూట దానితోనే సరిపెట్టుకోమని ఒప్పించండి. దొంగల భయం నిజమే, కాదనను. ఇనుప గ్రిల్ తలుపుంటే దానికీ రెండో తాళంచెవి చేయించి పక్కింట్లో ఉంచండి. నంబర్లు నొక్కే డిజిటల్ తాళం మంచిదే, ఫోన్‌లోనే కోడ్ పంపొచ్చు. కానీ దానికీ మామూలు తాళంచెవి ఉండే రకమే కొనండి, బ్యాటరీ అయిపోతే దిక్కు అదే.

తర్వాత, దగ్గర్లోని ఆస్పత్రి క్యాజువాలిటీకి, దాని అంబులెన్స్‌కి పూర్తి నంబర్లు తీసుకోండి. పది అంకెల మొబైల్ నంబరు గానీ, 0891తో మొదలయ్యే ల్యాండ్‌లైన్ గానీ అయితే ముందు +91 చేర్చి (ల్యాండ్‌లైన్‌కి మొదటి సున్నా తీసేసి) ఏ దేశం నుంచైనా చేయొచ్చు. ఒకసారి చేసి చూసి, పనిచేస్తున్న నంబరే రాసుకోండి. అపార్ట్‌మెంట్ లిఫ్టులో స్ట్రెచర్ పడుతుందో లేదో కూడా చూడండి. పాత కట్టడాల్లో చాలావాటికి పట్టదు. అలాంటప్పుడు చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టి దింపాలని వాచ్‌మన్‌కి ముందే తెలిసి ఉంటే ఆ నిమిషాలు మిగులుతాయి.

ఇవన్నీ ఒక కాగితం మీద పెద్ద తెలుగు అక్షరాల్లో రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించండి. పైన పేర్లు, వయసులు, జబ్బులు, వాడే మందులు, పడని మందులు. మధ్యలో ఇంటి గుర్తులు. డోర్ నంబరు ఒక్కటే ఉంటే డ్రైవర్‌కి దొరకదు కాబట్టి రైతు బజార్ వైపు నుంచి ఏ సందు, ఏ గుడి, గేటు రంగు ఏమిటో ఫోన్‌లో చదివి చెప్పగలిగేలా రాయండి. కింద ఆ ముగ్గురి నంబర్లు. మొత్తం అమరికలో నేను అన్నిటికన్నా నమ్మేది ఈ కాగితాన్నే. దీనికి కరెంటూ నెట్టూ అక్కర్లేదు.

2. డాక్టరు గారిని ముందే అడగాల్సినవి

ఏ పరికరం కొనాలో యూట్యూబ్‌లో వెతికే ముందు, పెద్దవాళ్లని ఎప్పుడూ చూసే డాక్టరు దగ్గరికి ఒకసారి వెళ్లండి. మూడు విషయాలు అడగండి. వీళ్ల విషయంలో మీకు ఏ అంకెలు కావాలి? ఎన్ని రోజులకొకసారి కావాలి? ఎంత దాటితే అదే రోజు ఫోన్ చేయాలి, ఎంత దాటితే నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లాలి? ఈ హద్దులు మనిషిని బట్టి మారతాయి. రక్తంలో ఆక్సిజన్ 91 శాతం అంటే మామూలు మనిషి విషయంలో కంగారు పడాల్సిందే. కానీ పాత సీఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాల జబ్బు) ఉన్నవాళ్లకి డాక్టర్లే చాలాసార్లు 88 నుంచి 92 మధ్య ఉంటే చాలంటారు. ఆ హద్దు తెలియని కొడుకు రాత్రి రెండింటికి అందరినీ లేపుతాడు. లేదంటే, నిజంగా లేపాల్సిన రోజు నిద్రపోతాడు.

ఫోన్‌లో వైద్యం చట్టబద్ధమేనా అని ఇప్పటికీ కొందరు అడుగుతుంటారు. కేంద్రం 2020 మార్చి 25న టెలీమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం రిజిస్టర్ అయిన డాక్టరు వీడియోలో, ఫోన్‌లో, వాట్సాప్‌లో కూడా చూడొచ్చు, మందులు రాయొచ్చు. ప్రిస్క్రిప్షన్ మీద ఆయన రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. పెద్దవాళ్ల తరఫున ఇంట్లోవాళ్లు మాట్లాడవచ్చు. కొన్ని మందులు మొదటిసారి అయితే వీడియోలో చూశాకే రాస్తారు. మరికొన్ని, అంతకుముందు నేరుగా చూసిన జబ్బుకే కొనసాగిస్తారు. నార్కోటిక్ (మత్తు రకం) నొప్పి మందుల్లాంటివి ఫోన్ మీద రాయరు, ఎంత బతిమాలినా రాయకూడదు. దీన్నిబట్టి ఒక పద్ధతి పెట్టుకోండి: మూణ్నాలుగు నెలలకోసారి నేరుగా వెళ్లడం, మధ్యలో వీడియో. మీ డాక్టరు దొరకని రోజు ప్రభుత్వ ఈ-సంజీవని ఉంది. మొబైల్ నంబరుతో లాగిన్ అయి ఇంటి నుంచే ఉచితంగా డాక్టరుతో మాట్లాడవచ్చు. ఒకసారి పెద్దవాళ్ల ఫోన్‌లోనే లాగిన్ అయి చూపించి వెళ్లండి.

డాక్టరు గారికి ఏ సమయంలో, ఏ నంబరుకి రీడింగులు పంపితే ఇబ్బంది ఉండదో కూడా అడగండి. ఓపీ మధ్యలో మెసేజీల వర్షం ఎవరికీ నచ్చదు.

3. కరెంటు, నెట్, ఉప్పుగాలి

ఇంట్లో నెట్ వచ్చే పెట్టె, వైఫై రౌటర్ కరెంటు పోగానే ఆగిపోతాయి. ఇల్లంతా ఇన్వర్టర్ మీద ఉన్నా రౌటర్ ఉన్న ప్లగ్ పాయింటుకి ఆ లైను ఇవ్వని ఇళ్లు చాలా ఉన్నాయి. మెయిన్ ఆపి చూడండి, వెంటనే తెలిసిపోతుంది. లైను లేకపోతే రౌటర్ కోసమే దొరికే చిన్న యూపీఎస్ కొని పెట్టండి. రౌటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులని ఉందో చూసి అదే కొనాలి, చాలావాటికి 12 వోల్టులు. పెద్దవాళ్ల ఫోన్‌లో ఇంటి నెట్ కంపెనీది కాకుండా వేరే కంపెనీ సిమ్‌లో డేటా ఉంచండి.

ఫోన్ నుంచి ఆన్, ఆఫ్ చేసే స్మార్ట్ ప్లగ్గులు, బల్బులు, సెన్సర్లు ఎక్కువ శాతం 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కలుస్తాయి. ఇప్పటి రౌటర్లు రెండు రకాలూ ఒకే పేరుతో ఇస్తాయి, ఫోను 5 గిగాహెర్ట్జ్ మీద ఉంటే పరికరం ఎంతకీ కలవదు. రౌటర్ సెట్టింగుల్లో 2.4కి వేరే పేరు పెట్టి, పరికరాలన్నీ దానికే కలపండి. సగం తలనొప్పి అక్కడ తీరిపోతుంది.

ఇక సముద్రం. పెదవాల్తేరు, లాసన్స్ బే, రుషికొండ వైపు ఉండేవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు, ఏసీ బయటి పెట్టె ఎంత త్వరగా తుప్పు పడుతుందో చూసే ఉంటారు. అదే గాలి బీపీ మిషన్ బ్యాటరీ స్ప్రింగుల మీదా, సెన్సర్ల పిన్నుల మీదా పనిచేస్తుంది. వాడనప్పుడు మూతున్న డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ సంచీ వేసి పెట్టండి. నెలకోసారి బ్యాటరీ మూత తీసి పచ్చగా పట్టిందేమో చూడండి. సుగర్ స్ట్రిప్పుల సీసా మూత తెరిచి ఉంచితే తేమ పట్టి రీడింగే తప్పుతుంది. స్ట్రిప్ తీసిన వెంటనే మూత బిగించడం అలవాటు చేయండి.

4. బీపీ మిషన్: ఒక్కటే కొనగలిగితే ఇదే కొనండి

వాచీ కన్నా, కెమెరా కన్నా ముందు బ్లూటూత్ ఉన్న బీపీ మిషన్ కొనండి. మణికట్టుకి కట్టేది వద్దు, భుజం కింద చేతికి కట్టే రకమే తీసుకోండి. కచ్చితత్వం పరీక్షలో నెగ్గిన మోడళ్ల జాబితాలు స్ట్రైడ్ బీపీ, వాలిడేట్ బీపీ అనే వెబ్‌సైట్లలో ఉంటాయి. మీరు కొనే మోడల్ నంబరు వాటిలో ఉందేమో చూసి కొనండి. పట్టీ కొలత మరీ ముఖ్యం. మోచేతికి, భుజానికి మధ్యన టేపుతో చుట్టుకొలత తీసుకోండి. మామూలు పట్టీ సుమారు 22 నుంచి 32 సెంటీమీటర్ల దాకా సరిపోతుంది, లావు చేతికి పెద్ద పట్టీ విడిగా కొనాలి. చిన్న పట్టీ బిగిస్తే లేని బీపీ చూపిస్తుంది, లేనిపోని మందు పెరుగుతుంది.

ఎలా చూసుకోవాలో పక్కన కూర్చుని నేర్పండి. అమ్మ వంటింట్లోంచి చేయి తుడుచుకుంటూ వచ్చి, మంచం అంచున కూర్చుని, కాళ్లు వేలాడేసి, చీర జాకెట్టు మీదే పట్టీ చుట్టి బటన్ నొక్కేస్తుంది. మధ్యలో "పాలు పొంగాయేమో చూడండి" అని నాన్నగారితో అంటుంది కూడా. ఆ వచ్చిన అంకె అమ్మ బీపీ అనుకోవడానికి లేదు. వీపుకి ఆనుడున్న కుర్చీ కావాలి. పాదాలు నేల మీద ఆనాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. చేయి బల్ల మీద, గుండె ఎత్తులో ఉండాలి. బట్ట తీసి చర్మం మీదే పట్టీ కట్టాలి. అంతకు ముందు అరగంటలో కాఫీ, నడక ఉండకూడదు. మూత్రానికి వెళ్లి వచ్చాక, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని, అప్పుడు నొక్కాలి. నిమిషం ఆగి రెండోసారి.

పొద్దున మందు వేసుకునే ముందు రెండుసార్లు, రాత్రి రెండుసార్లు, అలా ఏడు రోజులు. మొదటి రోజువి వదిలేసి మిగతావి సగటు తీస్తే డాక్టరుకి పనికొచ్చే అంకె వస్తుంది. ఇంట్లో చూసుకున్న సగటు 135/85 దాటితే ఎక్కువనే లెక్క. తర్వాత రోజూ చూడక్కర్లేదు, డాక్టరు చెప్పినన్నిసార్లు చాలు. గంటకోసారి చూసుకుంటే టెన్షన్‌తోనే పెరుగుతుంది.

లేచి నిలబడగానే కళ్లు తిరుగుతున్నాయనే వాళ్లకి ఇంకో పరీక్ష ఉంది. కూర్చుని ఒకసారి చూశాక, లేచి నిలబడి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి మళ్లీ చూడాలి, పక్కన మనిషిని పెట్టుకునే. పై అంకె 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడిపోతే డాక్టరుకి తప్పకుండా చెప్పండి. రాత్రి బాత్రూమ్‌కి లేచి పడిపోయే వాళ్లలో కొందరికి అసలు కారణం ఇదే.

దంపతులిద్దరూ ఒకే మిషన్ వాడేటట్లయితే, యూజర్ ఎ, యూజర్ బి అని మార్చే బటన్ చాలా రకాల్లో ఉంటుంది. అది మార్చకపోతే నాన్నగారి బీపీ అమ్మ పేరు మీద డాక్టరుకి చేరుతుంది. ఎ పక్కన ఎర్ర బొట్టుబిళ్ల, బి పక్కన తెల్ల టేపు అంటించండి. ఇద్దరి ఫోన్లలో ఎవరి యాప్ వాళ్లకి విడిగా పెట్టండి. గుండె లయ తప్పే జబ్బు ఉన్నవాళ్లకి ఈ మిషన్ల రీడింగు ఒకసారికీ ఇంకోసారికీ మారిపోతుంటుంది, వాళ్ల విషయంలో డాక్టరు ఎలా చూడమంటే అలాగే.

5. మిగతా పరికరాలు

సుగర్ చూసే గ్లూకోమీటర్ బ్లూటూత్ ఉన్నది కొంటే రీడింగులు చేత్తో రాసే పని తప్పుతుంది. వేలు సబ్బుతో కడిగి తుడుచుకోవాలి, పండు తిన్న చేత్తో పొడిస్తే సుగర్ ఎక్కువ చూపిస్తుంది. 70 కన్నా తగ్గితే మూడు టీ స్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంట తర్వాత మళ్లీ చూడాలి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు. ఇన్సులిన్ మీద ఉండి తరచూ సుగర్ పడిపోయేవాళ్లకి చేతికి అతికించే సెన్సర్ గురించి డాక్టరుని అడగండి. ఫ్రీస్టైల్ లిబ్రె సెన్సర్ ఒకటి సుమారు రెండు వారాలు పనిచేస్తుంది. అది రక్తంలో కాకుండా చర్మం కింది ద్రవంలో కొలుస్తుంది కాబట్టి కొన్ని నిమిషాలు వెనకబడి చూపిస్తుంది. ఒంట్లో నీరసం, చెమటలు ఉండి సెన్సర్ బాగుందంటే వేలు పొడిచి చూసుకోవాలి.

వేలికి తగిలించి ఆక్సిజన్ చూసే పల్స్ ఆక్సీమీటర్ చల్లని వేలికి, గోళ్ల రంగున్న వేలికి సరిగ్గా చదవదు. గోరింటాకు ముదురుగా పండిన వేలు కూడా వద్దు, ఇంకో వేలు చూసుకోండి. అంకె నిలబడేదాకా అరనిమిషం ఆగాలి.

గుండె బలహీనంగా ఉందని డాక్టరు చెప్పినవాళ్లకి బరువు తూచే మిషన్ బీపీ మిషనంత విలువైనది. రోజూ పొద్దున్నే బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, టిఫిన్ ముందు తూచుకోవాలి. ఒక్కరోజులో కిలో పైగా, వారంలో రెండు కిలోల పైగా పెరిగితే అది కొవ్వు కాదు, ఒంట్లో నీరు చేరుతోందన్న మాట. ఆయాసం మొదలవక ముందే ఇది పట్టిస్తుంది, అదే రోజు డాక్టరుకి ఫోన్ చేయొచ్చు.

వాచీల గురించి నా అభిప్రాయం: పెట్టుకునే మనిషికి ఇష్టమైతేనే కొనండి. యాపిల్ వాచ్‌లో సిరీస్ 4 నుంచి పడిపోవడాన్ని పసిగట్టే ఏర్పాటు ఉంది. గట్టిగా పడి దాదాపు నిమిషం కదలకపోతే అదే అత్యవసర నంబరుకి ఫోన్ చేసి, మీకు మెసేజ్ పంపుతుంది. ఫోన్ దగ్గర్లో ఉండాలి, లేదా వాచీలోనే సిమ్ సౌకర్యం ఉండాలి. గోడ పట్టుకుని మెల్లగా జారి కూలబడితే ఏ వాచీ అయినా పసిగట్టలేకపోవచ్చు. అన్నిటికన్నా పడే ప్రమాదం ఉన్నది బాత్రూమ్‌లో. స్నానానికి వెళ్తూ వాచీ తీసి చార్జింగ్ పెట్టడం చాలామందికి అలవాటు. నీళ్లకి తట్టుకునే వాచీ అయితే స్నానంలో ఉంచుకుని, మధ్యాహ్నం టీవీ చూసేటప్పుడు చార్జింగ్ పెట్టమనండి. ఈసీజీ తీసే వాచీ గుండె లయ తప్పడాన్ని చూపించగలదు, గుండెపోటును పట్టుకోలేదు. ఛాతీలో నొప్పి వచ్చిన మనిషి వాచీ "నార్మల్" అందని ఇంట్లో కూర్చోకూడదు.

6. తెలుగులో గుర్తుచేసే గొంతు

అలెక్సాతో ఇంగ్లిష్‌లోనో హిందీలోనో మాట్లాడాలి. తెలుగు తప్ప రాని మామ్మకి అది బొమ్మే. ఇంకో దారి ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో మీ గొంతు రికార్డు చేసి, ఆ ఫైలునే అలారం చప్పుడుగా పెట్టండి. "అమ్మా, టిఫిన్ అయిందా? తెల్ల డబ్బాలో మంగళవారం గడి తెరిచి పొద్దుటి మాత్రలు వేసుకో" అని కూతురి గొంతు వినిపిస్తే ఏ అమ్మా అలారం ఊరికే ఆపేయదు. మనవరాలి గొంతయితే మరీ మంచిది. రోజుకో రికార్డు, వారానికి ఏడు పెట్టొచ్చు. మాత్రలకి ఏడు రోజుల గడుల డబ్బా ఆదివారం నింపాలి, అది వీడియో కాల్‌లో మీరు చూస్తుండగా నింపితే పొరపాట్లు దొర్లవు. ఫోన్‌లోని గూగుల్‌కి తెలుగు అర్థమవుతుంది కాబట్టి "మా అబ్బాయికి ఫోన్ చెయ్యి" అని చెప్పడం నేర్పండి.

కొంచెం ఇంగ్లిష్ వచ్చిన ఇంట్లో తెర ఉన్న అలెక్సా బాగా ఉపయోగపడుతుంది. డ్రాప్ ఇన్ అనే సౌకర్యం ఆన్ చేస్తే వాళ్లు ఏమీ నొక్కకుండానే మీరు వీడియోలో మాట్లాడొచ్చు. పెద్దవాళ్ల అనుమతి అడిగి, హాల్లో మాత్రమే పెట్టండి. అలెక్సా 108కి ఫోన్ చేయలేదని కూడా ఇంట్లో అందరికీ చెప్పండి.

7. లైట్లు, సెన్సర్లు, కెమెరా

మంచం దగ్గర్నుంచి బాత్రూమ్ దాకా కదలికకి వెలిగే చిన్న లైట్లు పెట్టండి. ఖర్చు తక్కువ, నెట్ అక్కర్లేదు, ఎవరూ ఏమీ నేర్చుకోనక్కర్లేదు. బాత్రూమ్‌లో పట్టుకునే కడ్డీ, జారని చాప కూడా అదే రోజు బిగించండి. అవి స్మార్ట్ పరికరాలు కాకపోయినా ఎముకలు విరగకుండా కాపాడేది అవే.

తలుపు సెన్సర్ ఒకటి ఫ్రిజ్‌కో, వంటింటి అలమరకో అంటించండి. రోజూ ఆరింటికి పాల కోసం తెరుచుకునే ఫ్రిజ్ ఎనిమిదైనా తెరుచుకోకపోతే మీ ఫోన్‌కి సందేశం వచ్చేలా పెట్టొచ్చు. కెమెరా కన్నా ఇదే మర్యాద. నాన్నగారు బనీనుతో తిరుగుతుంటే ఖండాంతరాల నుంచి చూడాల్సిన పని మనకి లేదు. కెమెరా తప్పదనుకుంటే గుమ్మం వైపో హాలు వైపో ఒకటి పెట్టండి, పడకగదిలో వద్దు. పనిమనిషి, నర్సు వస్తుంటే కెమెరా ఉందని వాళ్లకీ చెప్పాలి.

గ్యాస్ లీకు సెన్సర్ పెడితే గోడ కింది భాగంలో, నేలకి ఒక అడుగు ఎత్తులో బిగించండి. సిలిండర్ గ్యాస్ గాలి కన్నా బరువు, కిందికే చేరుతుంది. ఆక్సిజన్ కాన్సంట్రేటర్‌ని (గాలిలోంచి ఆక్సిజన్ తీసి అందించే మిషన్) ఎప్పుడూ స్మార్ట్ ప్లగ్గుకి కలపొద్దు. యాప్‌లో ఎవరి వేలో తగిలి ఆగిపోతే ప్రమాదం.

8. ఏ అంకెకి ఎవరు ఏం చేయాలి

ముందు ఒక నియమం. ఛాతీలో నొప్పి, మూతి వంకర, మాట తడబాటు, ఒకవైపు చేయి కాలు పడిపోవడం, ఊపిరి అందకపోవడం, స్పృహ తప్పడం: వీటిలో ఏది కనిపించినా ఏ మిషనూ పెట్టొద్దు, నేరుగా 108. పక్షవాతంలో రక్తం గడ్డ కరిగించే మందు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇస్తారు, అదీ స్కాన్ అయ్యాక. రీడింగు తీసుకోవడానికి పోయే సమయం అందులోంచే పోతుంది.

లక్షణాలేమీ లేకుండా బీపీ 180/120 వస్తే కూర్చోబెట్టి, కొన్ని నిమిషాలాగి మళ్లీ చూడాలి. అప్పుడూ అంతే ఉంటే డాక్టరుకి వెంటనే ఫోన్. ఇంకో మాత్ర ఎక్కువ వేసేయడం మాత్రం ఎవరూ సొంతంగా చేయకూడదు. ఆక్సిజన్ డాక్టరు చెప్పిన హద్దు కన్నా తగ్గితే వేలు మార్చి, చేయి రుద్ది వెచ్చచేసి మళ్లీ చూసి, అప్పుడూ తక్కువే ఉంటే ఫోన్. ఇవి కూడా ఫ్రిజ్ మీది కాగితంలో రాయండి, మీ డాక్టరు ఇచ్చిన హద్దులతో.

పిల్లలు ఇద్దరు ముగ్గురుంటే పని పంచుకోండి. అమెరికాలో ఉన్నవాళ్లకి ఇక్కడి అర్ధరాత్రి అక్కడ పగలు, కాబట్టి రాత్రి అలర్టులు వాళ్ల ఫోన్‌కి, పగటివి హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి. అందరికీ అన్నీ వెళ్తే, వాళ్లు చూసుకుంటారులే అని ఒకరి మీద ఒకరు వదిలేస్తారు. డాక్టరుకి పంపే పని ఒక్కరిదే ఉండాలి. నలభై స్క్రీన్‌షాట్లు పంపకుండా, యాప్‌లోంచి నెల రిపోర్టు తీసి, కింద రెండు వాక్యాలు రాసి పంపండి: మందు ఏ రోజు తప్పింది, కొత్తగా ఏం ఇబ్బంది ఉంది.

ఇవన్నీ అయ్యాక ఒక సాయంత్రం రిహార్సల్ చేయండి. మీరు కిందికి వెళ్లి ఫోన్ చేయండి, పక్కింటి అంకుల్ తాళంచెవి తెచ్చి తలుపు తీయాలి, కాగితం చూసి చిరునామా చదవాలి. తాళంచెవి ఏ డబ్బాలో వేశారో వాళ్లకే గుర్తులేదని ఆ రోజు తెలియడం మంచిదే.

9. పాస్‌వర్డులు, మోసపు ఫోన్లు

యాప్‌లన్నిటికీ ఒకే ఈమెయిల్ వాడి, రెండంచెల వెరిఫికేషన్ (పాస్‌వర్డుతో పాటు ఇంకో కోడ్ కూడా అడిగేది) పెట్టి, పాస్‌వర్డులు ఒక పుస్తకంలో రాసి బీరువాలో పెట్టండి. మిషన్ కంపెనీ నుంచి, ఆస్పత్రి నుంచి అంటూ ఎవరు ఫోన్ చేసి ఓటీపీ అడిగినా ఫోన్ పెట్టేసి మీకు చేయమని చెప్పండి. తెలియని లింకులో రిపోర్టు ఉందని వచ్చినా తెరవొద్దనండి.

10. తుపాను నెలలకి ముందు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. అలాంటప్పుడు పైన చెప్పిన స్మార్ట్ పరికరాలు చాలావరకు మూగపోతాయి. అందుకే సెప్టెంబరు చివర్లో ఒక పూట కేటాయించండి. మందులు పదిహేను రోజులకి సరిపడా ఉండాలి. బీపీ మిషన్‌కి, గ్లూకోమీటర్‌కి కొత్త బ్యాటరీలు, పవర్ బ్యాంకులు నిండా చార్జింగ్‌తో, రీడింగులు చేత్తో రాయడానికి ఒక నోటు పుస్తకం. ఆ ముగ్గురి నంబర్లు మళ్లీ ఒకసారి సరిచూసుకోవాలి, ఇళ్లు మారినవాళ్లు ఉంటారు. కరెంటు ఫిర్యాదుకి 1912 కాగితం మీద రాయండి.

ఇన్సులిన్ వాడేవాళ్లు ఫ్రిజ్ ఆగిపోతే కంగారు పడక్కర్లేదు. వాడుతున్న పెన్ను చాలా రకాల్లో మామూలు గది ఉష్ణోగ్రతలో సుమారు నాలుగు వారాలు ఆగుతుంది, మీది ఎన్నాళ్లో అట్టపెట్టె మీద ఉంటుంది. వేడిగా ఉంటే మట్టికుండ నీళ్లలో మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి ఉంచండి. ఆక్సిజన్ కాన్సంట్రేటర్ మీద ఉన్నవాళ్లయితే తుపాను హెచ్చరిక వచ్చిన రోజే సిలిండర్ తెప్పించి పెట్టుకోవాలి, లేదంటే జనరేటర్ ఉన్న చోటికి మారాలి. గాలి మొదలయ్యాక చెట్లు పడి దారులు మూసుకుపోతాయి, అప్పుడు అంబులెన్స్ కూడా రాలేదు.